ఆరో గడి

వానొస్తే రికార్డు గది మూల కురుస్తుంది,
అక్కడో పసుపు బకెట్ ఉంటుంది ఏడాది పొడుగునా.
ఇరవై రెండేళ్లు సిగ్నల్స్‌లో హవల్దారుని.
ఇప్పుడు శ్రీకాకుళం సైనిక సంక్షేమం ఆఫీసులో
ఈ రిజిస్టరుకి కాపలా.

నంబరు, పేరు, ర్యాంకు, ఊరు, తేదీ.
అయిదు గడులూ చెయ్యి దానంతటదే నింపేస్తుంది.
ఆరో దాని దగ్గర పెన్ను ఆగుతుంది.
రెండు మాటలకే చోటుందక్కడ:
పోరులో.
పోరు కాకుండా.

పోరులో అని రాసేది ఏ రెండేళ్లకో ఒకటి.
దానికి జెండా వస్తుంది, కలెక్టరు వస్తారు,
బడి పిల్లలు ఎండలో వరస కడతారు,
కూడలికి పేరు పెడతామని ఎవరో ఒకరు మైకులో అంటారు.
రిజిస్టరులో తక్కిన పేజీలన్నీ
రెండో మాటవే.

పైల లోకనాథం, టెక్కలి పక్క.
మంచు కింద మూడు రోజులున్నాడు.
మంచు శత్రువు కాదు, మనదీ కాదు,
దానికి వేరే ఉపగడి ఉంది.

సాలిన జోగారావు, సెలవు మీద వస్తూ
పలాసలో రైలు ఆగకముందే దిగాడు.
వారెంటు మీద వచ్చాడా, సొంత టికెట్టా?
భార్య పింఛను ఎంతన్నది ఆ ముక్క మీద ఉంది.
మరక పడి అంకెలు కనిపించక
టేబుల్ లైటు కింద పెట్టి చదివాను, రెండుసార్లు.
మరక దేనిదో రాయక్కర్లేదు.

ఇంకొకడి పేరు చెప్పను.
రాత్రి రెండింటి డ్యూటీ, తన రైఫిలే.
"వ్యక్తిగత కారణాలు" అని టైపు కొట్టి పంపారు.
వాళ్ల నాన్న అడిగాడు, "యెక్తిగతం అంటే ఏటి బావూ?"
నాకొచ్చిన తెలుగులో చెప్పాను.
చాలాసేపు తువ్వాలు మడత పెట్టుకున్నాడు.
"ఆడికి సొంతంగా ఏటుంది బావూ,
పడుకున్న మంచం కూడా గవర్నమెంటుదే."

మొన్న వడగాలి రోజు కవిటి వైపు నుంచి వచ్చింది,
నాయక్ బెందాళం ఢిల్లేశ్వరరావు భార్య కుసుమ.
వేలిముద్ర మిషను ఆమెని ఒప్పుకోలేదు.
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, ఆ రసం
పది వేళ్ల గీతలూ తినేసింది.
కుడి బొటనవేలు, ఎడమది, మళ్లీ కుడిది.
"ఉన్నానండీ" అంది మిషనుతో, నవ్వింది.

పదిహేడేళ్ల సర్వీసు, కిడ్నీలు పోయాయి.
బోర్డు రాసింది:
సేవకు సంబంధం లేదు. స్వస్థలంలో ఈ జబ్బు వ్యాప్తిలో ఉంది.
చదివి వినిపించాను.

"ఊరి మీద రాసీసినారా?
ఈ ఊరోడినే కదా మీరట్టుకెళ్లినారు.
ఉరికించినారు, సాతీ కొలిసినారు, ఉచ్చ కూడా పరీచ్చ సేసినారు,
ఏ లోపమూ నేదని ముద్దరేసినారు.
ఆ నాడు మా నీల్లు మీకు కనబడనేదా?"

అప్పీలులో ఆ మాటలే రాశాను.
పైనున్న సారు కొట్టేసి
"ఆవేశం తగ్గించండి" అని పెన్సిల్‌తో పెట్టారు.
సరే.
భర్తీనాటి వైద్య ధృవపత్రం ప్రకారం సంపూర్ణ ఆరోగ్యవంతుడు.
ఆమె చెప్పిందే, ఇస్త్రీ చేసి.

ఆ రోజు కాగితాలు సర్దుతుంటే నాకు పొలమారింది.
కూజా ఖాళీ, అటెండరు లేడు.
కుసుమ సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి
మూత తిప్పి ఇచ్చింది,
ఇంటి దగ్గర పట్టుకొచ్చిన నీళ్లు.

తాగాను. చల్లగానే ఉన్నాయి.
కానీ తాగే ముందు చెయ్యి ఆగింది,
ఒక్క క్షణం, అంతే,
పెన్ను ఆగినట్టే.

ఆమె చూసింది.
ఏమీ అనలేదు.
మూత బిగించి, సీసా సంచిలో పెట్టుకుని,
నాలుగున్నర బస్సు దొరుకుతుందా అని అడిగింది.